స్టాటిన్ మాత్ర ఎవరికి ఎంత మేలు చేస్తుంది?

ఇద్దరి రక్తపరీక్ష రిపోర్టుల్లోనూ ఎల్‌డీఎల్, అంటే చెడ్డ కొలెస్ట్రాల్, 150 అని ఉందనుకుందాం. ఒకరు 42 ఏళ్ళ స్త్రీ. బీపీ లేదు, షుగర్ లేదు, పొగ అలవాటు లేదు. మరొకరు 63 ఏళ్ళ పురుషుడు. బీపీకి మందులు వాడుతున్నారు, రోజుకు పది సిగరెట్లు కాలుస్తారు. ల్యాబ్ వాళ్ళు మాత్రం ఇద్దరి అంకె పక్కనా "ఎక్కువ" అనే రాస్తారు. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందుల మీద మూడు దశాబ్దాలుగా సాగుతున్న వాదనలో పెద్ద భాగం ఈ కాగితం దగ్గరే మొదలవుతుంది. అంకెను చూసి మందు రాయాలా, మనిషిని చూసి రాయాలా?

మాత్ర ఏం చేస్తుందన్న దాంట్లో పెద్దగా గొడవ లేదు. కాలేయ కణాలు కొలెస్ట్రాల్‌ను సొంతంగా తయారుచేసుకుంటాయి. ఆ తయారీకి కీలకమైన హెచ్‌ఎంజీ-కోఏ రిడక్టేజ్ అనే ఎంజైమును స్టాటిన్ అడ్డుకుంటుంది. లోపల సరుకు తగ్గేసరికి కణం తన పైపొర మీద ఎల్‌డీఎల్‌ను పట్టుకునే గ్రాహకాలను పెంచుకుని, రక్తంలో తిరిగే ఎల్‌డీఎల్ రేణువులను లోపలికి లాక్కుంటుంది. రిపోర్టులో అంకె పడిపోవడానికి ముఖ్య కారణం ఇదే. ఈ గ్రాహకాల గుట్టు విప్పిన మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ బహుమతి వచ్చింది. మందును మొదట పట్టుకున్నది జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో. దాదాపు 6,000 రకాల శిలీంధ్రాలను వడపోసి, 1973లో ఒక బూజు నుంచి కాంపాక్టిన్ అనే పదార్థాన్ని ఆయన బృందం వేరుచేసింది. అది మందుగా బజారుకు రాలేదు. 1987లో అమెరికాలో అనుమతి పొందిన లోవాస్టాటిన్ ఆ వరుసలో మొదటిది.

అప్పటికి కొలెస్ట్రాల్ తగ్గుతుందని తేలింది గానీ, మనుషులు ఎక్కువకాలం బతుకుతారా అన్నది తేలలేదు. 1994లో స్కాండినేవియా దేశాల నుంచి వచ్చిన ఫోర్-ఎస్ పరీక్ష ఆ సందేహం తీర్చింది. అంతకుముందే గుండె జబ్బు ఉన్న 4,444 మందిలో సగానికి సిమ్వాస్టాటిన్, సగానికి డమ్మీ మాత్ర ఇచ్చారు. అయిదేళ్ళు దాటాక లెక్క చూస్తే డమ్మీ వర్గంలో 256 మంది, మందు వర్గంలో 182 మంది చనిపోయారు. గుండెపోటు వచ్చినవారికి, స్టెంటు పడినవారికి, కొలెస్ట్రాల్ గడ్డల వల్ల పక్షవాతం వచ్చినవారికి స్టాటిన్ ఇవ్వాలన్న విషయంలో ఆ తర్వాత గట్టి వాదనేదీ నిలబడలేదు. ఇలాంటివారు ఏదో చదివో, ఎవరో చెప్పారనో మాత్ర మానేస్తే నష్టం నిజంగా ప్రాణాల మీదికి వస్తుంది. ఆ మాట ఇక్కడే గట్టిగా చెప్పుకోవాలి.

ఇంకా ఏ గుండె జబ్బూ రానివారి విషయంలోనే అసలు వాదన. 1995లో స్కాట్లాండ్‌లో 6,595 మంది మగవాళ్ళ మీద ప్రావాస్టాటిన్ పరీక్ష జరిగింది. వాళ్ళ సగటు ఎల్‌డీఎల్ 190 దాటి ఉంది. దాదాపు అయిదేళ్ళలో డమ్మీ వర్గంలోని 3,293 మందిలో 248 మందికి గుండెపోటు వచ్చింది, లేదా గుండె జబ్బుతో ప్రాణం పోయింది. మందు వర్గంలోని 3,302 మందిలో ఆ సంఖ్య 174. ఈ ఫలితాన్ని "ముప్పు 31 శాతం తగ్గింది" అని చెప్పవచ్చు. "నూటికి ఏడున్నర మందికి వచ్చేది అయిదుంపావు మందికి వచ్చింది, అంటే నూరుమంది అయిదేళ్ళు మాత్ర మింగితే ఇద్దరికి పైచిలుకు తప్పింది" అని కూడా చెప్పవచ్చు. రెండూ నిజాలే, ఒకే పట్టికలోంచి తీసినవే. మొదటి వాక్యం విన్నవాడు మాత్ర కోసం పరిగెత్తుతాడు, రెండోది విన్నవాడు ఆలోచనలో పడతాడు. రోగికి రెండూ చెప్పకుండా మందు రాయడం గానీ, రెండూ చెప్పకుండా మందు మాన్పించడం గానీ అన్యాయమే.

మొదట చెప్పుకున్న ఇద్దరి దగ్గరికి ఈ లెక్కను తీసుకువెళదాం. పెద్ద పరీక్షలన్నిటినీ కలిపి చూసిన ఆక్స్‌ఫర్డ్ బృందం ప్రకారం, ఎల్‌డీఎల్ డెసిలీటరు రక్తానికి సుమారు 39 మిల్లీగ్రాములు తగ్గితే గుండెపోటు, పక్షవాతం వంటి ఘటనలు ఇంచుమించు 22 శాతం తగ్గుతాయి. 150 ఉన్న ఎల్‌డీఎల్‌ను మధ్యస్థ మోతాదు 60 మేర దించుతుంది కాబట్టి ముప్పు 30 శాతం దాకా తగ్గుతుంది. 63 ఏళ్ళాయనకు రాబోయే పదేళ్ళ ముప్పు 20 శాతం అనుకుంటే అది 14కు దిగుతుంది. అలాంటివారు నూరుమంది ఉంటే ఆరుగురికి మేలు. 42 ఏళ్ళామెకు ముప్పు 1 శాతం అనుకుంటే 0.7కు దిగుతుంది, వెయ్యిమందిలో ముగ్గురికి మేలు. మాత్ర అదే, తగ్గిన శాతం అదే. ఎక్కడి నుంచి మొదలుపెట్టామన్నదే లాభాన్ని తేలుస్తుంది.

అయితే స్టాటిన్‌ను సమర్థించేవారి దగ్గర ఇక్కడ ఒక బలమైన జవాబు ఉంది. పరీక్షలు అయిదేళ్ళే నడుస్తాయి, రక్తనాళాల గోడల్లో కొవ్వు మాత్రం దశాబ్దాల తరబడి పేరుకుంటుంది. పీసీఎస్‌కే9 అనే జన్యువులో పుట్టుకతోనే ఒక మార్పు ఉన్న కొందరు ఆఫ్రికన్ అమెరికన్లను పరిశీలిస్తే, వాళ్ళ ఎల్‌డీఎల్ మిగతావారికన్నా 28 శాతం తక్కువ, గుండె జబ్బు మాత్రం 88 శాతం తక్కువ. ఈ ఫలితం 2006లో వచ్చింది. అంత తేడాను ఏ మాత్రా అయిదేళ్ళలో చూపించలేదు. పుట్టినప్పటి నుంచీ తక్కువగా ఉండటం వల్లే అది సాధ్యమైంది. అందుకే ఎల్‌డీఎల్ 190 గానీ అంతకు మించి గానీ ఉన్నవారికి, ముఖ్యంగా వంశపారంపర్యంగా ఎక్కువ ఉన్న కుటుంబాల్లో, వయసు తక్కువని, పదేళ్ళ ముప్పు తక్కువని ఆగరు. వాళ్ళ నాళాలు చిన్నప్పటి నుంచే ఆ భారం మోస్తున్నాయి.

దుష్ఫలితాల మీద గొడవ ఇంతకన్నా వేడిగా జరిగింది. 2013లో ఒక ప్రముఖ బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చిన వ్యాసం స్టాటిన్ వాడేవారిలో 18 నుంచి 20 శాతం మందికి దుష్ఫలితాలు వస్తాయంది. ఆధారంగా చూపిన అధ్యయనాన్ని తప్పుగా చదివారని బయటపడటంతో 2014లో ఆ మాటను వెనక్కి తీసుకున్నారు. కానీ విమర్శకుల ఫిర్యాదులన్నీ కొట్టిపారేసేవి కావు. బ్రిటన్‌లో జరిగిన హార్ట్ ప్రొటెక్షన్ పరీక్షలో 32,145 మంది ముందస్తు దశలో చేరారు. వాళ్ళకు కొన్ని వారాలు మందు ఇచ్చి చూశాకే 20,536 మందిని అసలు పరీక్షలోకి తీసుకున్నారు. మిగిలినవారు రకరకాల కారణాలతో ఆగిపోయారు. మాత్ర పడనివారు ఆ వడపోతలో జారిపోయి ఉంటారన్న అనుమానం సహేతుకమే. పరీక్షల్లో పాల్గొన్న ఒక్కొక్కరి వివరాలనూ బయటి పరిశోధకులకు ఇవ్వలేదన్న అసంతృప్తీ న్యాయమైనదే.

ఈ చిక్కుముడిని విప్పడానికి లండన్‌లో శాంసన్ అనే చిన్న పరీక్ష చేశారు. దాని పద్ధతి చూసి తీరాలి. దుష్ఫలితాల వల్ల స్టాటిన్ మానేసిన 60 మందికి పన్నెండేసి సీసాలు ఇచ్చారు, నెలకొకటి చొప్పున. నాలుగింటిలో 20 మిల్లీగ్రాముల అటోర్వాస్టాటిన్, నాలుగింటిలో అచ్చం అలాగే కనిపించే డమ్మీ మాత్రలు, నాలుగు ఖాళీ. ఏ నెలలో ఏది వస్తుందో ముందే తెలియదు. రోజూ ఫోన్లో తమ బాధకు సున్నా నుంచి నూరు దాకా మార్కు వేయాలి. ఖాళీ సీసా నెలల్లో సగటు 8.0, డమ్మీ నెలల్లో 15.4, స్టాటిన్ నెలల్లో 16.3. వాళ్ళు పడ్డ బాధ అబద్ధం కాదు. కానీ ఖాళీ నెలలతో పోలిస్తే మందు నెలల్లో పెరిగిన బాధలో దాదాపు 90 శాతం డమ్మీ మాత్రతోనూ వచ్చింది. తమ సొంత లెక్కలు చూపించాక సగం మంది మళ్ళీ స్టాటిన్ మొదలుపెట్టారు. 2022లో లక్షా ఇరవై వేలకు పైగా మనుషుల సమాచారంతో వచ్చిన విశ్లేషణ కూడా ఇటే చూపింది. కండరాల నొప్పి చెప్పినవారు మందు వర్గంలో 27.1 శాతం, డమ్మీ వర్గంలో 26.6 శాతం. మొదటి ఏడాదిలో మాత్రం వెయ్యిమందికి 11 మంది అదనం. అంటే మందు వల్ల నొప్పి రావడం నిజమే, అనుకున్నంత తరచుగా కాదు.

ఆ కొద్దిమందిని గుర్తుపట్టడమెలా? మందు వల్ల వచ్చే నొప్పి సాధారణంగా రెండు పక్కలా ఉంటుంది. తొడలు, పిరుదులు, పిక్కలు, భుజాల వంటి పెద్ద కండరాల్లో, మొదలుపెట్టిన లేదా మోతాదు పెంచిన కొన్ని వారాల్లోనే కనిపిస్తుంది. ఒక్క మోకాలే నొప్పెడితే కారణం వేరే చోట వెతకాలి. థైరాయిడ్ పరీక్ష తప్పక చేయించాలి. థైరాయిడ్ మందగిస్తే కొలెస్ట్రాల్ పెరుగుతుంది, కండరాలూ నొస్తాయి. అది తెలియక స్టాటిన్‌ను తిట్టుకునేవారు ఉన్నారు. ఆ తర్వాత, కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే క్రియాటిన్ కైనేజ్ చూడాలి. అది గరిష్ఠ పరిమితికి పది రెట్లు దాటితే మందు వెంటనే ఆపాలి. మామూలు నొప్పికి డాక్టరు సలహాతో రెండు నుంచి నాలుగు వారాలు ఆపి, తగ్గాక తక్కువ మోతాదుతోనో వేరే స్టాటిన్‌తోనో మళ్ళీ మొదలుపెడతారు. రోసువాస్టాటిన్ ఒంట్లో ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి రోజు విడిచి రోజు ఇచ్చినా పనిచేస్తుంది. కండరాలు బాగా నీరసించి మూత్రం కాఫీ రంగులోకి మారితే మాత్రం ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి పోవాలి. కండరాలు కరిగి మూత్రపిండాలను దెబ్బతీసే ఆ స్థితి ఏటా లక్షమందిలో ఇద్దరు ముగ్గురికి మించి రాదు, వస్తే ప్రాణాంతకం. సెరివాస్టాటిన్ అనే మందును 2001లో ఇందుకే బజారు నుంచి వెనక్కి తీసుకున్నారు.

వేరే మందులు తోడైనప్పుడే ఈ ప్రమాదం ఎక్కువ. సిమ్వాస్టాటిన్, అటోర్వాస్టాటిన్‌లను ఒంట్లో విరగ్గొట్టే ఎంజైమును క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్, ఇట్రాకొనజోల్ అనే ఫంగస్ మందు, గ్రేప్‌ఫ్రూట్ రసం అడ్డుకుంటాయి. మందు విరగక రక్తంలో పేరుకుంటుంది. అయిదు రోజుల యాంటీబయాటిక్ రాసినప్పుడు స్టాటిన్ సంగతి డాక్టరుకు గుర్తుచేయడం రోగి చేయగలిగిన మంచి పని. ట్రైగ్లిజరైడ్లు తగ్గించే జెమ్‌ఫిబ్రోజిల్‌తోనూ కలపకూడదు. ఆసియా మూలాలున్నవారిలో రోసువాస్టాటిన్ రక్తంలో దాదాపు రెట్టింపు చేరుతుంది, అందుకే వాళ్ళకు 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టమంటారు. గర్భం ధరించాలనుకునేవారు ముందుగానే డాక్టరుతో మాట్లాడాలి.

షుగర్ మాట కూడా నిజమే. 13 పరీక్షలను కలిపి 2010లో చూసినప్పుడు, 255 మంది నాలుగేళ్ళు వాడితే ఒకరికి అదనంగా మధుమేహం బయటపడింది. మోతాదు పెద్దదైతే ఇది పెరుగుతుంది. అప్పటికే షుగర్ అంచున ఉన్నవారే ఎక్కువగా ఆ గీత దాటుతారు. ముప్పు ఎక్కువున్నవారిలో తప్పే గుండెపోట్లతో పోలిస్తే ఇది చిన్న ధర. ముప్పు బాగా తక్కువున్నవారికి పెద్ద మోతాదు రాసేముందు మాత్రం ఆగి ఆలోచించాల్సిందే. కాలేయం పాడవుతుందన్న భయానికి అంత ఆధారం లేదు. ముందొకసారి కాలేయం తీరు చెప్పే ఏఎల్‌టీ రక్తపరీక్ష చూసుకుంటే చాలామందికి సరిపోతుంది.

మోతాదు రెట్టింపు చేస్తే ఫలితం రెట్టింపు కాదు. ప్రతి రెట్టింపుకూ ఎల్‌డీఎల్ మరో 6 శాతమే తగ్గుతుంది. 80 మిల్లీగ్రాముల అటోర్వాస్టాటిన్ చేసే పనిలో సింహభాగం ఆ మొదటి పదిలోనే అయిపోతుంది. ఇంకా తగ్గించాల్సి ఉండి పెద్ద మోతాదు పడకపోతే, స్టాటిన్ కాని మరో కొలెస్ట్రాల్ మందు ఎజెటిమైబ్‌ను 10 మిల్లీగ్రాములు జోడిస్తే ఇంచుమించు 20 శాతం అదనంగా వస్తుంది. స్టాటిన్ అస్సలు పడనివారికి బెంపెడోయిక్ ఆమ్లం ఉంది. అది కాలేయంలోనే చైతన్యం పొందుతుంది, కండరాల్లో కాదు.

ఇక నిర్ణయం. పదేళ్ళ ముప్పును వయసు, బీపీ, పొగ, షుగర్, కొలెస్ట్రాల్ అంకెలతో లెక్కగట్టే సాధనాలు డాక్టర్ల దగ్గర ఉన్నాయి. ఎంత ముప్పు ఉంటే మందు ఇవ్వాలి, ఆ గీత ఎక్కడ గీయాలన్న దాని మీదే దేశదేశాల నిపుణులకు తేడాలు. బ్రిటన్ 2014లో దాన్ని 20 శాతం నుంచి 10కి దించింది, అమెరికా 2013లో 7.5 అంది. అటూఇటూగా ఉన్నవారికి గుండె నాళాల్లో పేరుకున్న కాల్షియాన్ని కొలిచే స్కాన్ తీస్తే దారి తెలుస్తుంది. పొగ తాగనివారు, షుగర్ లేనివారు, కుటుంబంలో చిన్న వయసు గుండె జబ్బు లేనివారికి అది సున్నా వస్తే కొన్నేళ్ళు ఆగవచ్చు. 75 దాటాక కొత్తగా మొదలుపెట్టాలా అన్నదానికి ఆధారాలు పలచన. అక్కడ మనిషి బలం, మిగతా జబ్బులు, ఆయన ఇష్టం కలిపి మాట్లాడుకోవాలి.

మొదలుపెట్టాక 4 నుంచి 12 వారాల్లో మళ్ళీ పరీక్ష చేయించాలి. సిమ్వాస్టాటిన్ త్వరగా దిగిపోతుంది కాబట్టి రాత్రి వేసుకోవాలి, అటోర్వా, రోసువాలకు వేళ పట్టింపు లేదు. మధ్యస్థ మోతాదుతో ఎల్‌డీఎల్ కనీసం 30 శాతం దిగాలి. దిగకపోతే మోతాదు పెంచేముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: వారంలో ఎన్ని రోజులు నిజంగా మాత్ర వేసుకున్నారు?