రాగి గీత వంగుతుంది, కుప్రేట్ గీత వంగదు

విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో డిగ్రీలో ఫిజిక్స్ చదివినవాళ్లకు నిరోధం కొలిచే కేరీ ఫాస్టర్ బ్రిడ్జి గుర్తుండే ఉంటుంది. రాగి తీగచుట్టను వేడి చేస్తూ, గాల్వనోమీటర్ ముల్లు సున్నాకి వచ్చేదాకా తీగ మీద జారే జాకీని జరపాలి. నీళ్లు చల్లారేలోగా రీడింగులు అందవేమోనని టెన్షన్ ఒకటి. రాగి నిరోధం డిగ్రీకి సుమారు 0.39 శాతం పెరుగుతుంది, గ్రాఫులో సరళరేఖ వస్తుంది.

‘వింత లోహాలు’ అని శాస్త్రవేత్తలు పిలిచే పదార్థాల గ్రాఫూ సరళరేఖే. మరి వింతేముంది? రాగిలో ఎలక్ట్రాన్లకు అడ్డుపడేవి ముఖ్యంగా పరమాణువుల కంపనాలు. బాగా చల్లబరిస్తే అవి సద్దుమణిగి, గీత వంగి చదునైపోతుంది. వింత లోహాల్లో పేరున్నవి కుప్రేట్లు, అంటే రాగి, ఆక్సిజన్ పొరలున్న పదార్థాలు. 1986లో బెడ్నార్జ్, ముల్లర్ అతివాహకత్వం (నిరోధం పూర్తిగా మాయమవడం) కనిపెట్టింది వీటిలోనే. వీటి తీరు వేరు. బిస్మత్ ఉన్న ఒక కుప్రేట్‌లో 10 కెల్విన్ల దరిదాపుల నుంచి 700 దాకా గీత వంగదు.

సిరిమానోత్సవం నాడు విజయనగరం మూడు లాంతర్ల దగ్గర నిలబడితే మన నడక మన చేతిలో ఉండదు, జనం ఎటు తోస్తే అటే. ఈ లోహాల్లో ఎలక్ట్రాన్లదీ అదే పరిస్థితి అని చాలామంది శాస్త్రవేత్తల అనుమానం. అలాంటప్పుడు ఒక్కో ఎలక్ట్రాన్ ఎంతసేపటికి ఢీకొంటుందని లెక్కేయడం కుదరదు.

ఇక్కడే హోలోగ్రఫీ పనికొస్తుంది. 1997లో మాల్దసేనా ప్రతిపాదించిన ఆలోచన ప్రకారం, కొన్ని రకాల కిక్కిరిసిన క్వాంటమ్ వ్యవస్థలను ఒక పరిమాణం ఎక్కువున్న గురుత్వాకర్షణ లెక్కగా మార్చుకోవచ్చు. లోహం ఉష్ణోగ్రత అక్కడ కృష్ణబిలం ఉష్ణోగ్రత అవుతుంది. చాలా నమూనాల్లో డీసీ వాహకతను, అంటే డీసీ కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందో, ఆ కృష్ణబిలం అంచు దగ్గరి విలువలతోనే రాబట్టవచ్చని 2014లో డోనోస్, గాంట్లెట్ చూపించారు. ఎలక్ట్రాన్ ఊసే అక్కరలేదు! రాగి, ఆక్సిజన్ పొరల్లో నిజంగా కృష్ణబిలాలు ఉన్నాయని కాదు లెండి.

నాకు అన్నిటికన్నా నచ్చింది హాల్ కోణం సంగతి. కుప్రేట్‌ను అయస్కాంత క్షేత్రంలో పెడితే విద్యుత్తు పక్కకు మళ్లుతుంది; ఎంత మళ్లిందో చెప్పేదే హాల్ కోణం. నిరోధం ఉష్ణోగ్రతతో పెరిగితే, ఈ కోణం ఉష్ణోగ్రత వర్గానికి విలోమంగా తగ్గుతుంది. మామూలు లోహంలో రెంటినీ నిర్ణయించేది ఒకే ఢీకొట్టే వ్యవధి, కాబట్టి ఇలా విడిపోకూడదు. హోలోగ్రఫీతో కట్టిన బ్లేక్, డోనోస్ నమూనాలో వాహకత రెండు వాటాలుగా ఉంటుంది: మొత్తం ద్రవ్యవేగం (మొమెంటం) లేకుండా సాగేది ఒకటి, ద్రవ్యవేగం కరగడం మీద ఆధారపడేది రెండోది. హాల్ కోణానికి రెండోదే లెక్క. మొత్తం నిరోధాన్ని మాత్రం పెద్ద వాటా శాసిస్తుంది. అందుకే రెండూ రెండు దారులు పట్టొచ్చు. కాకపోతే ఒక్కో వాటా ఉష్ణోగ్రతతో ఎలా మారాలో నమూనా తనంతట చెప్పదు, కుప్రేట్‌కు సరిపోయేలా మనమే ఎంచి పెట్టాలి.