ఆ తీరానికి రోజుకు 116 మందే ఎందుకు?

మెక్సికో పసిఫిక్ తీరంలో ప్వెర్టో వయార్టా వెళ్లినవాళ్లకు టూర్లు అమ్మే ప్రతి దుకాణంలో ఒకే ఫొటో కనిపిస్తుంది. చుట్టూ రాతిగోడ, పైన గుండ్రటి ఆకాశం, నడుమ కాస్త ఇసుక, ఆ ఇసుక మీదికి వచ్చి పోయే నీలం నీళ్లు. అది మరియేటాస్ దీవుల్లోని ప్లాయా దెల్ అమోర్ అనే చిన్న తీరం. రాతిలోని ఒక సొరంగంలోంచి ఈదితేనే అక్కడికి చేరగలం. దీవుల చుట్టూ తిప్పి, ఒకచోట స్నార్కెలింగ్ (గొట్టంతో ఊపిరి తీసుకుంటూ నీటి అడుగు చూసే ఈత) చేయించి తిరిగి తీసుకొచ్చేదీ 'మరియేటాస్ టూరే', సొరంగంలోంచి ఈదించి ఆ ఇసుక మీదికి చేర్చేదీ 'మరియేటాస్ టూరే'. తాము కొన్నది మొదటి రకమని చాలామందికి పడవెక్కాకే తెలుస్తుంది. రెండో రకానికి రోజు మొత్తం మీద, అన్ని కంపెనీలకూ కలిపి, 116 మందికే అనుమతి.

మరియేటాస్ దీవులు వయార్టా ఉన్న బాండెరాస్ అఖాతం ముఖద్వారంలో, ఒడ్డునున్న పుంటా మీటా నుంచి దాదాపు ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. పెద్దవి రెండే: ఇస్లా లార్గా, ఇస్లా రెదోండా. ఈ తీరం ఉన్నది రెండో దాని మీద. ఇవి అగ్నిపర్వతాల రాతి దీవులు కావడంతో అలల కోతకు గుహలూ, కమానులూ బోలెడు ఏర్పడ్డాయి. గతంలో సైన్యం ఇక్కడ బాంబులు వేసి సాధన చేసిందనీ, అలాంటి ఒక బాంబు పడే ఈ గొయ్యి ఏర్పడిందనీ గైడ్లు చెబుతారు. వినడానికి బాగుంటుంది గానీ, గుహ పైకప్పు కూలితే సరిగ్గా ఇలాంటి గొయ్యే మిగులుతుంది. ఈ రాతిని అలలు ఎలా తొలిచాయో పక్క గుహల్లో చూస్తే బాంబు అవసరమే కనిపించదు.

వయార్టా చాలాకాలం చిన్న ఊరే. 1963లో పక్కనున్న మిస్మలోయాలో ఒక హాలీవుడ్ సినిమా షూటింగ్ జరిగింది. వెంట వచ్చిన విలేఖరులు ఊరి పేరును అమెరికా పత్రికలకెక్కించారు. హోటళ్లు, విమానాశ్రయం వచ్చాయి. చేపలు పట్టే పాంగాలు, అంటే ఔట్‌బోర్డ్ మోటారుతో నడిచే పొడవాటి ఫైబర్ పడవలు, పర్యాటకులను ఎక్కించుకోవడం మొదలుపెట్టాయి. దీవులకు రక్షణ ఆలస్యంగా దక్కింది. 2004లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరాయి. 2005 ఏప్రిల్‌లో చుట్టూ ఉన్న సముద్రంతో కలిపి సుమారు 1,383 హెక్టార్లను జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. 2008లో యునెస్కో జీవావరణ పరిరక్షణ ప్రాంతం హోదా వచ్చింది. నీలి కాళ్ల బూబీ పక్షులు ఇక్కడ గూళ్లు పెడతాయి కాబట్టి పక్షుల నిపుణులకు ఈ దీవులు ముందునుంచీ తెలుసు. మిగతా ప్రపంచానికి తెలిసింది మాత్రం సోషల్ మీడియాలో ఆ గుండ్రటి గొయ్యి ఫొటో తిరిగాకే.

2012లో ఉద్యానవనానికి వచ్చినవాళ్లు 27 వేల చిల్లర. 2015లో ఆ లెక్క లక్షా 27 వేలు దాటింది. ఈస్టర్ వారంలాంటి సెలవుల్లో రద్దీ మరీ విపరీతం. పడవలు గుంపులు గుంపులుగా ఆగేవి. లంగరు వేసిన ప్రతిసారీ అడుగున ఏదో ఒకటి విరిగేది.

ఆ అడుగున ఉన్నదేమిటో దగ్గరగా చూడాలి. ఇక్కడి ప్రధాన పగడం పోసిల్లోపోరా. పిడికెడు కాలీఫ్లవర్ పువ్వులా, వేళ్లంత కొమ్మలతో రాతికి అంటుకుని పెరుగుతుంది. ఏడాదికి పెరిగేది కొన్ని సెంటీమీటర్లే. ఈతగాడు అలసి ఒక్క కాలు దాని మీద ఆనించినా పదేళ్ల పెరుగుదల పుటుక్కున విరుగుతుంది. విరిగిన ముక్క వెంటనే చావదు గానీ, ఇసుకలో పడి అలకు దొర్లుతూ ఉంటే ఒరిసిపోయి చస్తుంది. పైగా 1997-98 ఎల్ నినో వేడికే ఈ అఖాతంలోని పగడాల్లో చాలా భాగం తెల్లబడి చనిపోయింది. పర్యాటకుల కాళ్ల కింద పడుతున్నది ఆ దెబ్బ తిని బతికి బయటపడ్డ కొద్దిపాటి పగడమే. అందుకే ఇక్కడ జరిగిన నష్టాన్ని చిన్నదిగా చూడలేం.

రక్షిత ప్రాంతాలను చూసే జాతీయ సంస్థ కోనాంప్ 2016 మేలో ఆ తీరాన్ని పూర్తిగా మూసేసింది. విరిగిన పగడం ముక్కలను పోగుచేసి, ప్లాస్టిక్ టైలతో గట్టి రాతికి కట్టారు. కదలకుండా ఉంటే కొద్ది నెలల్లో పగడం తనంతట తానే రాతికి అతుక్కుంటుంది. ఆగస్టు 31న తీరం మళ్లీ తెరుచుకుంది, కొత్త నిబంధనలతో. రోజుకు 116 మంది. గుంపుకు 15 మంది మించకూడదు. ఒక్కో గుంపుకు 30 నిమిషాలు. సోమ, మంగళవారాలు సెలవు. లైఫ్ జాకెట్, హెల్మెట్ తప్పనిసరి. తీరం దగ్గర ఫిన్స్ (కాళ్లకు తొడిగే ఈత రెక్కలు), స్నార్కెల్ నిషేధం.

116 అన్నది ఆ చిన్న ఇసుక తిన్నె, దాని ముందున్న పగడం ఎంతమందిని మోయగలవో చూసి వేసిన లెక్క. ఎనిమిది గుంపులు, ఒక్కోదానికి అరగంట అంటే మొత్తం నాలుగు గంటలు. సొరంగంలో తల పట్టేంత ఖాళీ ఉండాలంటే పోటు తగ్గి ఉండాలి. ఆ వేళలు రోజురోజుకూ జరుగుతుంటాయి. అందుకే ఇవాళ ఉదయం ఎనిమిదికి బయల్దేరిన టూర్ వచ్చే వారం పదకొండుకు బయల్దేరవచ్చు. పౌర్ణమి, అమావాస్యల దగ్గర పోటు బాగా ఎక్కువగానూ, ఆటు బాగా తక్కువగానూ ఉంటుంది కాబట్టి తేదీ ఎంచుకునే ముందు ఆటుపోట్ల పట్టిక చూసుకోవడం మంచిది.

లోపలికి వెళ్లే పద్ధతి ఇది. పడవ సొరంగానికి దూరంగా ఆగుతుంది. గైడ్ ముందు దిగి, అలల వరస చూసి, తెరిపి దొరికినప్పుడు సైగ చేస్తాడు. జాకెట్ మనిషిని తేలుస్తుంది, కానీ అల లేచినప్పుడు తలను రాతి కప్పు వైపు ఎత్తేదీ అదే. హెల్మెట్ అందుకే. వెల్లకిలా తేలుతూ, కాళ్లు ముందుకు పెట్టి వెళితే రాయి వస్తే పాదంతో నెట్టుకోవచ్చు. బోర్లా ఈదేవాళ్లకు రాయి తగిలేది మొహానికే. లోపలికి వెళ్లేటప్పుడు అల తోస్తుంది, వచ్చేటప్పుడు అదే అల ఎదురొస్తుంది. ఇబ్బంది వచ్చేది తిరుగు దారిలోనే. అరగంట ఫొటోలు దిగి కండరాలు చల్లబడ్డాక, ఉప్పునీళ్లు నోట్లోకి వెళ్లి, నిలబడదామని కాలు దించితే ముళ్ల బంతిలాంటి సముద్రజీవి సీ అర్చిన్ ముళ్లు గుచ్చుకుంటాయి. స్విమ్మింగ్ పూల్‌లో నాలుగు వరసలు ఈదగలగడం వేరు, అలలో ఊపిరి ఆపి ఆగగలగడం వేరు. ఈ తేడాను పిల్లల విషయంలో ముందే నిజాయితీగా బేరీజు వేసుకోవాలి.

అలలు పెద్దవైతే గైడ్ ప్రవేశం రద్దు చేస్తాడు. వాతావరణం మరీ చెడితే రేవు అధికారులు చిన్న పడవలను అసలు బయల్దేరనివ్వరు. మే నుంచి నవంబరు దాకా తుపానుల కాలం. వేసవిలో దక్షిణం నుంచి, చలికాలంలో వాయవ్యం నుంచి అలలు వస్తాయి కాబట్టి ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున కూడా సొరంగం మూతపడవచ్చు. రద్దు చేసిన గైడ్ మీద కోప్పడేవాళ్లు ఉంటారు. నిజానికి వదులుకోకూడని గైడ్ అతనే.

చలికాలానికి ఇంకో నిబంధన తోడవుతుంది. హంప్‌బ్యాక్ తిమింగలాలు ఈ అఖాతానికి వచ్చి పిల్లల్ని కంటాయి. వాటిని చూపించే అధికారిక సీజన్ డిసెంబరు 8 నుంచి మార్చి 23 వరకు. చిన్న పడవలు 60 మీటర్లు, పెద్దవి 80 మీటర్లు దూరం పాటించాలి. పర్మిట్ ఉన్న పడవ మీద చిన్న జెండా ఎగురుతూ ఉంటుంది. జెండా లేని పడవ తిమింగలం దగ్గరికి పోతానంటే ఎక్కవద్దు.

డబ్బు కట్టే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. "తీరం మీద దింపుతారా, బయటి నుంచి చూపిస్తారా?" "ఆ రోజు 116లో నా పేరుతో చోటు ఖాయమైందా?" "ఉద్యానవనం రుసుము, చేతికి వేసే బ్రేస్‌లెట్ ధర ఇందులో కలిసే ఉన్నాయా?" "అలల వల్ల సొరంగం మూసేస్తే డబ్బు వెనక్కిస్తారా, లేక స్నార్కెలింగ్‌తో సరిపెడతారా?" జవాబులు రాతపూర్వకంగా తీసుకోండి. వయార్టా నుంచి పెద్ద కటమరాన్‌లో (జంట అడుగుల పడవలో) వెళితే ఒక వైపు గంటకు పైగా పడుతుంది. పుంటా మీటా నుంచి పాంగాలో అరగంట చాలు, సముద్రం పడనివాళ్లకు అదే నయం. సన్‌స్క్రీన్ బదులు పొడుగు చేతుల ఈత చొక్కా వేసుకోండి, పూసుకున్నది ఎలాగూ పగడం మీదికే దిగుతుంది.

గడియారం సంగతి కూడా ఉంది. వయార్టా హలిస్కో రాష్ట్రంలో, పుంటా మీటా నయారీత్ రాష్ట్రంలో ఉన్నాయి. నయారీత్‌లో చాలా భాగం ఒక గంట వెనక నడుస్తుంది. విమానాలు తప్పిపోతున్నాయని 2010లో పుంటా మీటా ఉన్న మున్సిపాలిటీ మాత్రం వయార్టా సమయానికి మారింది. ఫోన్ మాత్రం ఒక్కోసారి రాష్ట్రాన్ని చూసి పాత సమయమే చూపిస్తుంది. అలాంటప్పుడు గంట ఆలస్యంగా రేవు చేరితే పడవ అప్పటికే వెళ్లిపోయి ఉంటుంది. బయల్దేరే ముందు రోజు రాత్రే ఫోన్‌లో ఆటోమేటిక్ టైమ్ ఆపేసి, వయార్టా సమయం పెట్టుకోండి.