‘ఎనీవన్ కెనాట్’ అని రాసే పిల్లలకు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

సెలవులకు నెల్లూరు వచ్చేలోగా ఈ ఉత్తరాన్ని పెన్సిలు పట్టుకుని ఓసారి చదవండి. ఎవ్రీవన్, సమ్‌వన్, ఎనీవన్, నో వన్ లాంటివి ఇండెఫినిట్ ప్రొనౌన్లని, కెన్, మే, మస్ట్, షుడ్ లాంటివి మోడల్ వెర్బులని అడిగితే గడగడా చెప్తారు. ఆ రెండూ ఒకే వాక్యంలో కలిస్తే మాత్రం తికమక పడుతున్నారు.

తేలికది ముందు చెప్పేస్తా. ఎవ్రీవన్ ఏకవచనం కాబట్టి ‘ఎవ్రీవన్ బ్రింగ్స్’ అంటాం. మధ్యలోకి మస్ట్ వచ్చిందా, ఆ చివరి ‘స్’ ఎగిరిపోతుంది: ‘ఎవ్రీవన్ మస్ట్ బ్రింగ్’. అలాగే హ్యాజ్ ఉన్నచోట హ్యావ్, ఈజ్ ఉన్నచోట బీ వస్తాయి. ‘సమ్‌బడీ మే ఈజ్ దేర్’ కాదు, ‘సమ్‌బడీ మే బీ దేర్’. మస్ట్ తర్వాత ‘టు’ తగిలించొద్దు. ‘హ్యాజ్ టు’ సంగతి వేరు, అది మోడల్ కాదు గనక ‘ఎవ్రీవన్ హ్యాజ్ టు గో’ అనే రాయాలి.

అసలు చిక్కు ‘ఎవరూ’ దగ్గర. మొహర్రం నెలలో రొట్టెల పండుగ వస్తుంది కదా. జనం స్వర్ణాల చెరువులో దిగి రొట్టెలు మార్చుకుంటుంటారు. అక్కడ ‘ఎవరూ లోతుకు వెళ్లకూడదు’ అని బోర్డు రాయాలనుకోండి. మీరు చటుక్కున ‘ఎనీవన్ మస్ట్ నాట్ గో’ అని రాస్తారు. తెలుగులో ‘వద్దు, లేదు’ అన్నదంతా క్రియలోనే ఉంటుంది, ‘ఎవరూ’ దానికి తోడు నడుస్తుంది, అంతే. దాన్ని అలాగే దింపబోతే ఇంగ్లీషు ఒప్పుకోదు. ‘ఎనీ’తో మొదలయ్యే మాట నాట్ కంటే ముందు కూర్చోదు, వెనకే రావాలి: ‘యూ మస్ట్ నాట్ టెల్ ఎనీవన్’. వాక్యం మొదట్లో కర్తే కావాలంటే ఎనీవన్, నాట్ రెండింటినీ తీసేసి నో వన్ పెట్టాలి: ‘నో వన్ మస్ట్ గో ఇన్‌టు డీప్ వాటర్’. నో వన్ పెట్టాక మళ్లీ నాట్ తగిలించారో, కొంప మునిగినట్టే. ‘నో వన్ కెనాట్ కమ్’ అంటే రాలేనివాళ్లు ఎవరూ లేరని, అంటే అందరూ రాగలరని!

ఇక్కడే ఇంకో గుంట ఉంది. రేపు సెలవు, ఎవరూ బడికి రానక్కర్లేదు. దీన్ని ‘నో వన్ మస్ట్ కమ్’ అని రాస్తే రావడానికి వీల్లేదని ఆంక్ష పెట్టినట్టు. అక్కర్లేదు అనడానికి నీడ్ వాడండి: ‘నో వన్ నీడ్ కమ్’. ఇక్కడ నీడ్ కూడా మోడలే కాబట్టి ‘స్’ లేదు, ‘టు’ లేదు. ‘నో వన్ హ్యాజ్ టు కమ్’ అన్నా సరే.

‘ఎవరైనా’ మరీ మాయదారిది. రొట్టెల పండుగలో చదువు బాగా రావాలని కోరుకుని తీసుకునే చదువు రొట్టె ఎవరైనా తీసుకోవచ్చు: ‘ఎనీవన్ కెన్ టేక్ ఇట్’. బాగుంది. మరి, బండెక్కితే ఎవరైనా హెల్మెట్ పెట్టుకోవాల్సిందే? ‘ఎనీవన్ మస్ట్ వేర్ ఎ హెల్మెట్’ అంటే కుదరదు. ఎనీవన్ అంటే ఆ గుంపులో ఏ ఒక్కరైనా సరే అని వదిలేయడం, అది కెన్, మే లాంటి వెసులుబాటు మాటలతోనే ఇముడుతుంది. మస్ట్ అందరి మీదా పడే కట్టడి కనక ‘ఎవ్రీవన్ మస్ట్ వేర్ ఎ హెల్మెట్’ అనాలి. ఎనీవన్‌ని వదలనంటారా, వెనకాల ‘హూ’ తగిలించండి: ‘ఎనీవన్ హూ రైడ్స్ ఎ బైక్ మస్ట్ వేర్ ఎ హెల్మెట్’. అప్పుడు తప్పులేదు. రైడ్స్‌లో ‘స్’ ఉండటం, వేర్‌లో లేకపోవడం గమనించారా? మోడల్ నీడ వేర్ మీదే పడింది, రైడ్స్ దాకా పోలేదు.

‘అందరూ’ కూడా కాస్త చూసి వాడాలి. మైపాడు బీచ్‌కి వెళ్లినవాళ్లలో అందరికీ ఈత రాదు. ‘ఎవ్రీవన్ కెనాట్ స్విమ్’ అంటే కొందరికి రాదనా, ఒక్కరికీ రాదనా? వినేవాడికి తెలియదు. కొందరికే వస్తే ‘నాట్ ఎవ్రీవన్ కెన్ స్విమ్’, ఒక్కరికీ రాకపోతే ‘నో వన్ కెన్ స్విమ్’. నీళ్ల దగ్గర ఈ తేడా చిన్నదేం కాదు.

ఇక ఊహలు. గేటు చప్పుడైంది, ఎవరో వచ్చే ఉంటారు: ‘సమ్‌వన్ మస్ట్ హ్యావ్ కమ్’. అంత గట్టి నమ్మకం లేకపోతే మస్ట్ తీసి మైట్. వెనక హ్యావ్, ఆ తర్వాత క్రియ మూడో రూపం తప్పనిసరి. ‘మస్ట్ హ్యాడ్ కమ్’ అని ఎక్కడా లేదు. ఎవరూ చూసి ఉండరు అని ఊహిస్తే మాత్రం మస్ట్ పక్కకు తప్పుకుని కెన్ వస్తుంది: ‘నో వన్ కెన్ హ్యావ్ సీన్ ఇట్’.

ప్రశ్నకైతే మోడల్‌ని ముందుకు లాగితే చాలు: ‘కెన్ ఎనీవన్ డ్రైవ్?’ ఎవరో ఒకరు చేస్తారన్న ధీమాతో పని అడిగేటప్పుడు సమ్‌వన్ వాడతారు: ‘కుడ్ సమ్‌వన్ క్లోజ్ ది గేట్?’ వాక్యం చివర ‘కదా?’ అని అడిగే క్వశ్చన్ ట్యాగులో మనుషులైతే ‘దే’, వస్తువులైతే ‘ఇట్’. ‘ఎవ్రీవన్ షుడ్ కమ్, షుడంట్ దే?’ నో వన్, నోబడీ, నథింగ్‌లలో కాదనడం ముందే ఉంది కాబట్టి వాటి ట్యాగులో నాట్ రాదు: ‘నథింగ్ కెన్ గో రాంగ్, కెన్ ఇట్?’

ఈ మూడూ ఇంగ్లీషులో రాసి తెండి. ఒకటి, ఈ మాట ఎవరికీ చెప్పకూడదు. రెండు, ఎవరో మామిడికాయలు కోసే ఉంటారు. మూడోది మీ నాయనమ్మ ఇచ్చింది: చేపల పులుసు ఎవరైనా పెట్టొచ్చు, అందరూ బాగా పెట్టలేరు. ఇందులో ప్రొనౌన్లు రెండున్నాయి, మోడల్ ఒక్కటే రెండుసార్లు వస్తుంది. నాట్ ఎక్కడ పెడతారో చూస్తా.

మీ
తాతయ్య