చితిలో కరిగిన అత్తరు సీసా

"రోమన్లు శవాన్ని పూడ్చేవారా, కాల్చేవారా?" అని ఒక పాఠకుడు అడిగారు. రెండూ చేశారు. నియంత సుల్లా వంశంలో పూడ్చడమే ఆనవాయితీ. అయితే శత్రువు మారియస్ సమాధిని తవ్వించి అవశేషాలను చెల్లాచెదురు చేయించింది ఆయనే. రేపు తనకూ అదే గతి పడుతుందన్న భయంతో తనను దహనం చేయమన్నాడని అంటారు. క్రీ.పూ. 78లో అలాగే చేశారు. అప్పటికే రోమ్‌లో దహనం మామూలు, మరో రెండు శతాబ్దాలు అదే సాగింది. ఊళ్లో మాత్రం పూడ్చడమూ కాల్చడమూ నిషేధం. అందుకే సమాధులన్నీ ఊరు దాటాక రోడ్ల పక్కనే.

చితి ఆరాక ఎముకలు ఏరి, ద్రాక్షసారాతో కడిగి కుండలో పెట్టేవారు. మన అస్థిసంచయనం గుర్తొస్తుంది కదా! కాకపోతే మనం నీళ్లలో కలిపేస్తాం, వాళ్లు దాచుకున్నారు. ల్యాబుల అదృష్టం అదే. ఎందుకంటే కాలిన ఎముక తన రంగులోనే వేడి లెక్క రాసి పెట్టుకుంటుంది. సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దగ్గర అందులోని ప్రోటీన్ మాడి ఎముక నల్లబడుతుంది. 600 దగ్గరికి వచ్చేసరికి ఆ బొగ్గు కూడా కాలిపోతూ బూడిద, నీలి ఛాయలు వస్తాయి. 800 దాటితే తెల్లటి సుద్దే. ఇక మిగిలేది హైడ్రాక్సీఅపటైట్ అనే ఖనిజం. దాని స్ఫటికాలు పెరుగుతాయి, ఎముక కుంచించుకుపోయి పగుళ్లిస్తుంది. ఒకే మనిషి తొడ ఎముక తెల్లగా, వెన్నుపూస నల్లగా ఉందంటే వీపు కింద గాలి ఆడలేదేమో, మంట ముందే ఆరిందేమో అని ఆలోచించాలి. చితి పేర్చినవాడి పనితనం రెండు వేల ఏళ్ల తర్వాత బయటపడుతుందన్నమాట!

ఇంకో తిరకాసు ఉంది. ఎముక వయసు కట్టే రేడియోకార్బన్ పరీక్షకు మామూలుగా వాడే కొల్లాజెన్ అనే ప్రోటీన్ చితిలో కాలిపోతుంది. బాగా తెల్లబడిన ఎముకలో మాత్రం ఖనిజంలోని కార్బొనేట్ మిగులుతుంది, దాంతో వయసు కట్టొచ్చు. కానీ కాలుతున్నప్పుడు ఆ కార్బొనేట్ చుట్టూ ఉన్న కార్బన్ డయాక్సైడ్‌తో కార్బన్ మార్చుకుంటుంది. అంటే కట్టెల కార్బన్ ఎముకలో చేరుతుంది. ముసలి చెట్టు మాను వేసి కాలిస్తే, దాని కార్బన్ పాతది కాబట్టి చచ్చిపోయినవాడి తేదీ కూడా వెనక్కి జరుగుతుంది.

శవంతో పాటు పెట్టిన వస్తువులదీ ఇదే కథ. గాజు అత్తరు సీసా కరిగి ముద్దయితే అది చితి మీదికి ఎక్కిందని అర్థం. చెక్కుచెదరకపోతే తర్వాత సమాధిలో పెట్టారన్నమాట. శవం నోట్లో పెట్టే నాణెం సంగతీ అంతే. యమలోకపు నది దాటించే చరాన్‌కు పడవ కిరాయి అది. దహనమయ్యాక నోరెక్కడిది? కొన్ని కుండల్లో కాలని నాణేలు ఎముకల మధ్యే దొరుకుతాయి. రోమన్లందరికీ నాణెం పెట్టేవారని చెప్పడం మాత్రం తప్పు, అసలు నాణెమే లేని సమాధులు బోలెడు.

చచ్చినవాళ్లకు తిండి కూడా పెట్టాలి. కొన్ని సమాధుల్లోకి మట్టి గొట్టమో సీసపు గొట్టమో దింపి పైనుంచి ద్రాక్షసారా పోసేవారు. వేల్స్‌లోని కేర్లియన్‌లో బూడిద ఉన్న సీసపు డబ్బాకు అలాంటి గొట్టమే ఉంది. ఇంత మర్యాద చేసినా భయం పోలేదు. మే 9, 11, 13 రాత్రుల్లో ఇంటి పెద్ద చెప్పుల్లేకుండా తిరుగుతూ, వెనక్కి చూడకుండా నల్ల చిక్కుడు గింజలు విసిరేవాడు. దయ్యాలు అవి ఏరుకుని వెళ్లిపోవాలి!

క్రీ.శ. రెండో శతాబ్దంలో జనం మళ్లీ పూడ్చడం వైపు మళ్లారు. క్రైస్తవమే కారణమంటే కుదరదు, అప్పటికి క్రైస్తవులు పిడికెడు మందే. కట్టెల కొరత అంటే నాకు నమ్మకం కుదరదు. 216లో చక్రవర్తి కారకల్లా స్నానశాలలు తెరిచి నీళ్లు కాచిన నగరానికి చితికి కట్టెలు దొరకలేదా? చెక్కిన రాతి శవపేటిక పెద్దింటి ఫ్యాషన్ అయింది, మిగతావాళ్లు తమ తాహతును బట్టి అనుకరించారు అన్న వాదనే నాకు నచ్చుతుంది.