పంచర్ వేయాలా, టైరు మార్చాలా? బైకు టైర్లపై అపోహలు - వాస్తవాలు

సూర్యాపేట దగ్గర హైవే పక్కన నాకు పంచర్ షాపు ఉంది. బండికి స్టాండు కూడా వేయకముందే అడుగుతారు: "అన్నా, పంచర్ వేస్తే సరిపోతదా, టైరే మార్చాల్నా?" టైరు చూడకుండా నేను చెప్పను. చూసేది కూడా చిల్లులు ఎన్ని అని కాదు, ఎక్కడ పడ్డాయని.

అపోహ: మూడు నాలుగు పంచర్లయితే టైరు పని అయిపోయినట్టే.

వాస్తవం: రోడ్డుకు ఆనే మందపాటి భాగంలో, దూరదూరంగా పడ్డ సన్న చిల్లులైతే టైరు ఇంకా నడుస్తుంది. అదే సైడులో ఒక్కటి పడినా మార్చాల్సిందే. అక్కడ రబ్బరు పలచన, చక్రం తిరిగినంతసేపూ వంగి లేస్తుంటుంది. చిల్లు మూయడానికి దూర్చే రబ్బరు స్ట్రిప్ నిలవదు. చిల్లు 6 మిల్లీమీటర్లు దాటితే రోడ్డు భాగంలో ఉన్నా నేను వేయను.

అపోహ: షాపు కిలోమీటరే కదా, మెల్లగా తోలుకొస్తే ఏం కాదు.

వాస్తవం: నేను చూసినంతలో టైర్లు ఎక్కువగా పాడయ్యేది మేకుల వల్ల కాదు, దీనివల్లే. మొన్న ఇద్దరు గాలి లేని బండెక్కి వచ్చారు. మేకు చిన్నదే. టైరు విప్పితే గుప్పెడు నల్లటి రబ్బరు పొడి రాలింది. సైడు లోపల అరిగి దారాలు తేలాయి. ఇక పంచర్ ఎక్కడ వేయను? ట్యూబు టైరైతే ట్యూబు నలిగి వాల్వు మొదట్లో తెగుతుంది, అక్కడ ప్యాచ్ అతకదు. చెమటలు పట్టినా సరే, నెట్టుకుంటూ రండి.

ట్యూబ్‌లెస్‌లో మేకు కనిపిస్తే మాత్రం పీకకండి. అదే బిరడాలా గాలిని ఆపుతుంటుంది. గాలి ఉన్నంతవరకు నిదానంగా నడుపుకుంటూ షాపుకు చేరొచ్చు.

అపోహ: ట్యూబ్‌లెస్ టైర్లో ట్యూబు వేయిస్తే ఇక టెన్షన్ లేదు.

వాస్తవం: ఊరు చేరడానికి సరే. కానీ ఆ తర్వాత మేకు దిగితే గాలి మెల్లగా కాదు, ఒక్కసారిగా పోతుంది. సైడు చిరిగిన టైరుకు ట్యూబు వేసి పంపేవాళ్లున్నారు. నేను వేయనంటే తిట్టుకుంటూ పోయినవాళ్లూ ఉన్నారు.

అపోహ: టైరు లోపల చిల్లులు మూసే లిక్విడ్ పోయిస్తే పంచరే కాదు.

వాస్తవం: సన్న చిల్లులు మూస్తుంది, అంతే. పోయించి ఉంటే విప్పేముందే చెప్పండి. లోపల శుభ్రంగా తుడవకపోతే ప్యాచ్ అంటుకోదు.

అపోహ: గాడులు లోతుగా ఉంటే టైరు కొత్తదే.

వాస్తవం: సైడు మీద నాలుగంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. ఏళ్లపాటు ఎండలో నిలబెట్టిన బండికి గాడుల మధ్య వెంట్రుకల్లాంటి పగుళ్లు వస్తాయి. అలాంటి టైరుకు పంచర్ వేసి డబ్బులు తీసుకోవడం నాకిష్టం లేదు.

ఇంకొకటి. కొత్త టైరు కొని పాత ట్యూబే ఎక్కించమంటారు. సాగిన ట్యూబు అందులో మడత పడుతుంది, మడత దగ్గరే చిరుగుతుంది. నెల తిరక్కముందే మళ్లీ నా షాపు ముందు బండి నెట్టుకుంటూ కనిపిస్తారు.