ఎదురెదురు పేజీల పుస్తకం: మన బడి భాష మారుతూ వచ్చిన తీరు

ఎమ్మార్సీ (మండల వనరుల కేంద్రం) నుంచి ఆటోలో పుస్తకాల కట్టలు దిగిన రోజు స్టాఫ్‌రూంలో ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. "ఇంతింత లావు పుస్తకాలు పిల్లలు ఎట్ల మోస్తరు?" లావుకు కారణం అందరికీ తెలిసిందే. ఒక పక్క తెలుగు, ఎదురు పక్క అదే పాఠం ఇంగ్లీషులో. 2022-23లో తెలంగాణ సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం పెట్టినప్పుడు ఈ పుస్తకాలు వచ్చాయి. తర్వాతి రెండేళ్లలో తొమ్మిదికీ పదికీ పాకాయి.

కొత్త సంవత్సరానికి పాఠ్య ప్రణాళిక రాసుకునే ముందు ఈ పుస్తకం ఎక్కడి నుంచి వచ్చిందో ఒకసారి చూడటం మంచిది. ఎందుకంటే ఓరుగల్లు ప్రాంతపు బడిలో భాష మారడం ఇది మొదటిసారి కాదు.

మా తాత చివరిదాకా "ఏ జమాత్ సదువుతున్నవ్ రా?" అనే అడిగేవాడు. తరగతి అనే మాట ఆయన నోట రాలేదు. సెలవులంటే తాతీల్, సంతకమంటే దస్కత్. ఆయన కాలంలో, అంటే నిజాం ఏలుబడిలో, ప్రాథమిక బడి తహతానియా, దాని మీద వస్తానియా, ఆ పైన ఫౌఖానియా. పేర్లే కాదు, పైకి పోయినకొద్దీ పాఠమూ ఉర్దూలోనే. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో నడిచింది. ఒక భారతీయ భాషలో సైన్సు, వైద్యం, ఇంజనీరింగు చెప్పడం ఆ రోజుల్లో చాలా పెద్ద సాహసం. దాని కోసం ప్రత్యేకంగా అనువాద శాఖే పెట్టి పుస్తకాలు రాయించారు. ఆ పనిని తక్కువ చేయలేం. కాకపోతే ఆ భాష వరంగల్, కరీంనగర్ పల్లెల్లోని ఇళ్లలో మాట్లాడే భాష కాదు. ఇంగ్లీషు బదులు సొంత భాష అని పెద్దలు అనుకున్నది మా తాత లాంటి వాళ్లకు ఇంకో పరాయి భాష అయింది.

దాని మీద తిరుగుబాటు బడిలో కంటే ముందు గ్రంథాలయంలో మొదలైంది. హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం 1904లోనే పుట్టింది. తర్వాత 1921 నవంబర్‌లో హైదరాబాద్‌లో మహర్షి కర్వే అధ్యక్షతన జరిగిన సంఘ సంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభలో కొందరు గేలి చేశారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జన సంఘం పుట్టింది. అందులో ముందు నిలిచిన మాడపాటి హనుమంతరావు 1928లో హైదరాబాద్‌లో ఆడపిల్లలకు తెలుగు బడి పెట్టించారు. అది హైస్కూలు స్థాయికి వచ్చేసరికి తెలుగులో పరీక్ష రాయించే దారి ఇక్కడ లేకపోయింది. చివరికి పుణెలో కర్వే స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయంతోనే అనుబంధం పెట్టుకోవాల్సి వచ్చింది. హైదరాబాద్‌లో తెలుగు పిల్లలు తెలుగులో పరీక్ష రాయడానికి మరాఠీ దేశపు గుర్తింపు!

1948లో నిజాం పాలన పోయాక గాలి తిరిగింది. బడులు తెలుగులోకి మారాయి. మారాక బయటపడిన చిక్కు ఏమిటంటే, ఉర్దూలో చదివి వచ్చిన స్థానికుల్లో తెలుగులో చెప్పగల టీచర్లు సరిపోలేదు. ఆ ఖాళీల్లోకి కోస్తా నుంచి వచ్చినవాళ్లు చేరారు. కొందరు తప్పుడు ముల్కీ (స్థానికుడనే) సర్టిఫికెట్లతో వచ్చారన్న కోపం రగిలింది. 1952 ముల్కీ ఆందోళన అంటుకున్నది ఇక్కడే వరంగల్‌లో, అదీ టీచర్ల నియామకాల మీద. సెప్టెంబర్ 3న హైదరాబాద్ సిటీ కాలేజీ దగ్గర కాల్పుల దాకా పోయింది. మన జిల్లా చరిత్రలో ఈ ముక్కను రాజకీయంగానే చెప్పుకుంటాం. టీచర్‌గా చూస్తే నాకు ఇంకోటి కనబడుతుంది. పుస్తకం భాష ఒక్క జీవోతో మారుతుంది, చెప్పేవాళ్లు మాత్రం జీవోతో తయారుకారు.

దీనికి కొన్నేళ్ల ముందే ఉత్తరాన, ఇప్పటి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా మార్లవాయిలో ఇంకో ప్రయోగం జరిగింది. భీం 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగాక, గోండుల గోడేమిటో తెలుసుకోమని నిజాం సర్కారు మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన సలహాతో 1943లో మార్లవాయిలో గోండు టీచర్లకు శిక్షణ కేంద్రం మొదలైంది. వాచకాలు గోండీలో రాయించారు. చుట్టూ మరాఠీ వాడకం ఎక్కువ కాబట్టి లిపి దేవనాగరి పెట్టుకున్నారు. పిల్లకు ముందు ఇంటి మాట, దాని మీద బడి మాట అన్న వరుస మన ప్రాంతంలో ఎనభై ఏళ్ల కిందటే పనిచేసి చూపించారు. తర్వాత పాలన భాష మారింది, గోండీ వాచకాలు పక్కకు పోయాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2000 తర్వాత గోండీ, కోయ, కొలామీ, బంజారా వాచకాలు మళ్లీ వచ్చాయి కానీ, తండాకూ గూడేనికీ అవి నిలకడగా అందలేదు.

తర్వాతి కథ మనందరం చూసిందే, త్వరగా చెప్పేస్తాను. ఊరూరా కాన్వెంటు బస్సు వచ్చింది. సర్కారు బడి పలచబడింది. 2008-09లో సక్సెస్ స్కూళ్ల పేరుతో ఉమ్మడి రాష్ట్రంలో 6,500 హైస్కూళ్లలో ఆరో తరగతి నుంచి ఇంగ్లీషు మీడియం పెట్టారు. ఐదేళ్లు తెలుగులో చదివిన పిల్ల ఆరులో ఒక్కసారి గోడ ఎక్కాలి. పుస్తకం ఇంగ్లీషు, సారు చెప్పేది తెలుగు, పరీక్షకు బట్టీ. 2022 జనవరిలో మంత్రివర్గం 26,065 బడుల బాగుకు 7,289 కోట్లతో మన ఊరు-మన బడి పథకానికి ఒప్పుకున్నప్పుడే, అన్ని సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం అన్నది కూడా తేల్చింది. మరోపక్క విద్యాహక్కు చట్టం వీలైనంత వరకు మాతృభాషలో చెప్పాలంటుంది. 2020 జాతీయ విద్యావిధానం కనీసం ఐదు దాకా అదే అంటుంది. 2018 చట్టంతో రాష్ట్రంలో పదో తరగతి దాకా తెలుగు ఒక సబ్జెక్టుగా తప్పనిసరి అయింది. ఇవన్నీ ఒకే టైంటేబుల్లో ఇరికించేది మనం.

తల్లిదండ్రులది తప్పని నేను అనలేను. మనలో ఎంతమంది మన పిల్లల్ని తెలుగు మీడియంలో వేశామో గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పాలి.

ఎదురెదురు పేజీలను నేను మొదట రాజీ అనుకున్నాను. రెండేళ్లు వాడాక తెలిసింది, అసలు దూరం తెలుగు పేజీకీ ఇంగ్లీషు పేజీకీ మధ్య కాదు, రెంటికీ పిల్లకూ మధ్య. ఐదో తరగతిలో భిన్నాలు చెబుతున్నాను. బోర్డు మీద మూడు రాసి, గీత గీసి, కింద నాలుగు వేశాను. ఇంగ్లీషు పేజీ చూసి "త్రీ బై ఫోర్" అన్నారు. తెలుగు పేజీ చూసి "నాలుగింట మూడు వంతులు" అన్నారు. ఏమిటది అంటే నోరు లేవలేదు. వెనక బెంచీ నుంచి ఒక పిల్ల మెల్లగా "ముప్పావా సారూ?" అంది. వాళ్లది కిరాణా కొట్టు. పావుకిలో, అద్దకిలో, ముప్పావు అని రోజూ తూకం చూస్తుంది. ఆ మాట రెండు పేజీల్లోనూ లేదు. ఆ రోజు పాఠం మొత్తం తక్కెడ చుట్టూ తిరిగింది. పావు, పావు కలిస్తే ఎంత, ముప్పావులో అద్ద పోతే ఎంత. చివర్లోనే పుస్తకం తెరిచాం. అప్పటికి రెండు పేజీలూ వాళ్లకు కొత్త కావు.

"కిరణజన్య సంయోగక్రియ", "ఫొటోసింథసిస్" పక్కపక్కన పెట్టి చూడండి. మా పిల్లలకు రెండోదే కొంచెం పొట్టిగా ఉంది, అంతే. కాబట్టి తెలుగు పేజీ చదివించినంత మాత్రాన మాతృభాషలో చెప్పినట్టు కాదు. పేజీలో చొక్కా ఉంటే పిల్ల నోట అంగి ఉంటుంది, దారి ఉంటే తొవ్వ, మొక్కజొన్న ఉంటే మక్కలు. ఈసారి పాఠ్య ప్రణాళికలో నేను పెట్టుకున్న మార్పు చిన్నది: కొత్త పాఠానికి మొదటి పది నిమిషాలు పుస్తకం మూసే ఉంటుంది. పిల్లలు తమ మాటల్లో చెప్పింది బోర్డు మీద ఎడమ పక్క రాస్తాను. తర్వాత పుస్తకం తెలుగు, ఆ తర్వాత ఇంగ్లీషు, మధ్యలో బాణం గుర్తులు. చదవడం, రాయడం, లెక్కల పునాది కోసం సర్కారు పెట్టిన తొలిమెట్టు వర్క్‌షీట్లు ఎలాగూ చేయాలి. ఇది వాటికి అడ్డం రాదు, చదివే పీరియడ్‌లోనే ఇమిడిపోతుంది. ఇద్దరు టీచర్లు ఐదు తరగతులు చూసే బడిలో పెద్ద తరగతి పిల్లే ఆ మాటల పట్టీ రాస్తుంది.

ఇప్పుడు చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగుల్లో ఈ సంగతులకు సమయం దొరకడం లేదన్నది నిజం. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు, రిటైర్మెంటుకు ఐదేళ్లకు మించి సర్వీసు ఉన్న టీచర్లంతా రెండేళ్లలో టెట్ (టీచర్ అర్హత పరీక్ష) పాస్ కావాలన్నాక, ఇరవై ఏళ్లు చెప్పినవాళ్లకూ టెన్షన్ పట్టుకుంది. టీ బ్రేకులో పెడగాజీ బిట్లు. ఆ బిట్లలో మాతృభాష ప్రాముఖ్యం మీద తప్పకుండా ఒక ప్రశ్న ఉంటుంది, జవాబు అందరికీ తెలుసు.

పోయిన జూన్‌లో మొదటి వారం, "మీ ఇంట్లో నీళ్లను ఏమంటరు?" అని అడిగాను. బోర్డు మీద నీళ్లు అని రాశాను. తండా నుంచి వచ్చే పిల్లగాడు పాణి అన్నాడు. ములుగు వైపు నుంచి చుట్టాలింట్లో ఉండి చదివే కోయ పిల్ల ఏరు అంది. మిగతావాళ్లు నవ్వారు, ఏరంటే వాగు కదా అని. అవునూ, వాగులో ఉండేదేమిటి అని అడిగితే నవ్వు ఆగింది. అప్పుడు ఇటుక బట్టీ దగ్గరి నుంచి కొత్తగా చేరిన ఒడియా పిల్లాడు, చేరి నాలుగు రోజులైనా నోరు విప్పనివాడు, బోర్డు మీది రెండో మాట వైపు వేలు చూపించి, "పాణి" అన్నాడు. తండా పిల్లగాడు లేచి వెళ్లి వాడి పక్కన కూర్చున్నాడు.