కొత్త ఇంటి గ్యారేజ్ రిమోట్ల గురించి బుజ్జికీ, చిన్నాకీ

చిరంజీవులు బుజ్జికీ, చిన్నాకీ పెదనాన్న ఆశీస్సులు.

ఫ్రిస్కోలో కొన్న ఇంటి తాళాలు చేతికొచ్చాయని, శనివారం గృహప్రవేశమని మీ నాన్న ఫోన్ చేశాడు. చాలా సంతోషం. పాత ఇంటివాళ్ళు గ్యారేజ్ రిమోట్లు రెండు ఇచ్చి వెళ్ళారట. రెండూ బాగానే పనిచేస్తున్నాయి కాబట్టి ఇక దాని గురించి చూడక్కర్లేదన్నాడు. అది విన్నప్పటి నుంచి నాకు మనసు ఆగక ఈ ఉత్తరం రాస్తున్నాను. మీ నాన్నకి ఈ వారం ఊపిరాడని పని. ఇది మీ ఇద్దరూ దగ్గరుండి చేయించాలి.

ముందు తలుపు తాళం మార్పించడానికి మనిషిని పిలిచారు, మంచిదే. కానీ ఇక్కడ అమెరికాలో మనం ముందు తలుపు ఎన్నిసార్లు తీస్తాం? మీరు స్కూల్ నుంచి వచ్చినా, అమ్మ కూరగాయలు తెచ్చినా గ్యారేజ్‌లోంచే లోపలికి వెళ్తారు. గ్యారేజ్‌కీ వంటింటికీ మధ్య ఉన్న తలుపుకి చాలామంది రాత్రిపూట కూడా గడియ పెట్టరు. కాబట్టి మీ ఇంటి అసలు సింహద్వారం ఆ గ్యారేజ్ తలుపే. దాని తాళం మాత్రం ఇంకా మార్చలేదు.

రిమోట్ చేసే పని రేడియోలో ఒక కోడ్ పంపడం, అంతే. ఆ కోడ్ విని తలుపు ఎత్తాలా వద్దా అని తేల్చేది కప్పుకి వేలాడే మోటార్ పెట్టె, దాన్నే ఓపెనర్ అంటారు. ఏ ఏ రిమోట్ల మాట వినాలో ఆ పెట్టెలోని మెమరీలో ఉంటుంది. పాత ఇంటివాళ్ళు రెండు రిమోట్లు మీ చేతిలో పెట్టారు సరే. మూడోది ఎదురింటివాళ్ళకి ఇచ్చి మర్చిపోయారేమో? వాళ్ళ కారులో వెనక్కి చూసుకునే అద్దంలోనే ఉండే బటన్ సంగతి? కారు వాళ్ళతోపాటు వెళ్ళిపోయింది, కానీ ఆ బటన్ నొక్కితే మీ తలుపు ఇప్పటికీ లేస్తుంది. వాళ్ళు చెడ్డవాళ్ళని నేను అనడం లేదు. ఆ కారు రేపు ఎవరికి అమ్ముతారో మనకు తెలియదు కదా. అందుకని ముందు మెమరీ మొత్తం చెరిపేసి, తర్వాత మన రిమోట్లు ఒక్కొక్కటే చేర్చుకోవాలి.

మీ నాన్న పంపిన ఫొటోలో పెట్టె మీద లిఫ్ట్‌మాస్టర్ అని కంపెనీ పేరు కనిపించింది. దాని వెనక వైపో, పక్కనో, బల్బు మీది మూత కిందో ఒక చిన్న చదరపు బటన్ ఉంటుంది. దాన్ని లెర్న్ బటన్ అంటారు. దాని దగ్గర్నుంచే ఏంటెన్నా తీగ వేలాడుతుంటుంది కాబట్టి వెతకడం తేలిక. నిచ్చెన నాన్న ఎక్కాలి, చిన్నా గట్టిగా పట్టుకోవాలి. తలుపు కింద గానీ దగ్గర గానీ ఎవరూ ఉండకూడదు.

ఆ బటన్‌ని ఒక ఆరు సెకన్లపాటు అలాగే నొక్కి పట్టుకోవాలి. పక్కనున్న చిన్న లైటు ఆరిపోయిందంటే మెమరీ ఖాళీ అయిపోయినట్టే. బయట గోడకున్న నంబర్ల కీప్యాడ్ కూడా ఇందులోనే పోతుంది. ఇప్పుడు పాత రిమోట్లు రెండూ నొక్కి చూడండి, తలుపు కదలకూడదు. ఈ పరీక్ష మాత్రం తప్పకుండా చేయండి.

తర్వాత అదే లెర్న్ బటన్‌ని ఈసారి ఒక్కసారి నొక్కి వదిలేయాలి. లైటు వెలుగుతుంది. అక్కడి నుంచి మీకు 30 సెకన్లు టైముంది. ఆలోగా బుజ్జి కింద నిలబడి రిమోట్‌లో తనకు కావలసిన బటన్ నొక్కి పట్టుకోవాలి. పెట్టె మీది బల్బు మినుకుమన్నా, టక్ టక్ మని రెండుసార్లు వినిపించినా వెంటనే వదిలేయాలి. ఆ రిమోట్ చేరినట్టే. ప్రతి రిమోట్‌కీ మళ్ళీ మొదటి నుంచి ఇంతే. కీప్యాడ్‌కి నాలుగంకెల నంబరు పెట్టేటప్పుడు ఇంటి నంబరూ, మీ పుట్టిన సంవత్సరాలూ వద్దు. ఎవరైనా మొదట కొట్టి చూసేవి అవే.

అమ్మ కారు అద్దంలో ఉన్న బటన్లకి ఇంకో మెట్టు ఉంది. ముందు చేతి రిమోట్‌ని ఆ అద్దం దగ్గర పెట్టి, రెంటి బటన్లూ కలిపి నొక్కి, కారుకి దాన్ని నేర్పాలి. ఆ తర్వాత పెట్టె దగ్గర లెర్న్ బటన్ నొక్కి, అర నిమిషం లోపల కారులో కూర్చుని ఆ బటన్ రెండు మూడుసార్లు నొక్కాలి. చాలామంది మొదటి సగం చేసి, పనిచేయడం లేదని వదిలేస్తారు. కార్లలో పద్ధతి కొంచెం అటూ ఇటూగా ఉంటుంది, కారుతో ఇచ్చిన పుస్తకం చూడండి.

ఒక్కసారి నొక్కితే అయిపోయే పనికి ఈ నేర్పడాలూ చేర్చడాలూ ఎందుకని చిన్నా అడుగుతాడు, నాకు తెలుసు. పాత రిమోట్లలో ఇదేమీ ఉండేది కాదు. లోపల చిన్న చిన్న స్విచ్‌లు వరసగా ఉండేవి, ఒక్కోటి పైకో కిందకో. రిమోట్‌లోనూ పెట్టెలోనూ ఒకేలా పెడితే చాలు. ఎనిమిది స్విచ్‌లుంటే 256 కోడ్‌లు, పన్నెండుంటే 4096. ప్రతిసారీ అదే కోడ్ వెళ్తుంది. పక్కింటివాళ్ళది కూడా అదే వరసలో ఉంటే వాళ్ళ బటన్‌కి మీ తలుపు లేచేది.

2015లో సామీ కామ్‌కార్ అనే పరిశోధకుడు ఇలాంటి తలుపులు ఎంత తేలిగ్గా తెరుచుకుంటాయో చేసి చూపించాడు. మాటెల్ కంపెనీ అప్పటికే అమ్మడం మానేసిన ఐఎం-మీ అనే పిల్లల మెసేజింగ్ బొమ్మని తీసుకుని, దాంతోనే కోడ్‌లన్నీ పంపాడు. మామూలుగా ఒకదాని తర్వాత ఒకటి పంపితే దాదాపు అరగంట పట్టే పని పది సెకన్ల లోపే అయిపోయింది. ఎలాగో చెబుతాను, బుజ్జీ, ఇది నువ్వు కాగితం మీద వేసి చూడాలి.

ఆ పాత పెట్టెలు కోడ్ ఎక్కడ మొదలైందో చూడవు. కొత్త అంకె రాగానే అన్నిటికన్నా పాతదాన్ని వదిలేసి, చివరగా వచ్చిన అంకెలు సరిపోయాయా లేదా అని చూస్తాయంతే. స్విచ్ పైకుంటే 1, కిందకుంటే 0 అని రాసుకో. రెండంకెల కోడ్ అనుకో. 00, 01, 11, 10 అని నాలుగు. విడివిడిగా పంపితే ఎనిమిది అంకెలు. కానీ 00110 అని పంపితే? అయిదంకెల్లోనే నాలుగూ వచ్చేశాయి. అదే మూడంకెల కోడ్ అయితే ఎనిమిది రకాలు, విడిగా పంపితే 24 అంకెలు, ఇలా కలిపితే పదే.

ఆ పది ఎక్కడుందో తెలుసా? మన తెలుగు వాచకంలో ఉంది. పద్యాల గణాలు గుర్తుండాలని మాకు బడిలో యమాతారాజభానసలగం అని బట్టీ పట్టించారు. అక్షరాలు లెక్కపెట్టు, పది. లఘువుని 0 అనీ, గురువుని 1 అనీ రాస్తే 0111010001 వస్తుంది. యమాతా అంటే య గణం, 011. మాతారా మ గణం, 111. తారాజ త గణం, 110. ఇలా ఒక్కో అక్షరం జరుగుతూ పోతే మూడక్షరాల గణాలు ఎనిమిదీ ఒక్కసారే వచ్చేస్తాయి, ఒక్కటీ తప్పిపోదు, ఒక్కటీ రెండోసారి రాదు. ఇలాంటి వరసల మీద డి బ్రెయిన్ అనే డచ్ గణిత శాస్త్రజ్ఞుడు 1946లో రాశాడు, అందుకే వీటికి ఆయన పేరు. కామ్‌కార్ వాడింది ఈ లెక్కే. మన పిల్లలు పద్యం కోసం నేర్చుకున్న వరసే గ్యారేజ్ తలుపు లెక్కలో కనిపిస్తే నాకెంత ముచ్చటేసిందో చెప్పలేను.

ఇప్పటి రిమోట్లకి ఆ ఎత్తు పారదు. నొక్కిన ప్రతిసారీ కొత్త కోడ్ వెళ్తుంది. తర్వాత ఏ కోడ్ రావాలో పెట్టెకి ముందే లెక్క తెలుసు. హాల్లోకి వెళ్ళేటప్పుడు చింపేసిన సినిమా టికెట్ లాగా, ఒకసారి వాడిన కోడ్ మళ్ళీ చెల్లదు. లెర్న్ బటన్ నొక్కినప్పుడు రిమోట్ తన సొంత నంబరునీ, లెక్క ఎక్కడిదాకా వచ్చిందో దాన్నీ పెట్టెకి చెప్పుకుంటుంది. మీరు స్కూల్లో ఊరికే రెండు మూడుసార్లు నొక్కినా ఫర్వాలేదు, కొన్ని కోడ్‌లు ముందుకెళ్ళినా పెట్టె సర్దుకుంటుంది.

రెండో విషయం, ఆ లెర్న్ బటన్ రంగు చూడండి. కొత్త రిమోట్ కొనాలంటే అదే గుర్తు. నారింజ ఎరుపు అయితే రిమోట్ వాడే రేడియో తరంగం 390 మెగాహెర్ట్జ్, ఊదా అయితే 315. పసుపు అయితే 2011 తర్వాతి పెట్టె, అది 310, 315, 390 మూడూ వాడుతుంది. 390 దగ్గర అమెరికా సైన్యం రేడియోలు కూడా ఉన్నాయి. 2006లో కొలరాడో స్ప్రింగ్స్ దగ్గర సైనిక రేడియో పరీక్షలు జరిగినప్పుడు ఊళ్ళో ఎన్నో ఇళ్ళలో రిమోట్లు పనిచేయలేదు. ఎవరూ ఏమీ అనలేకపోయారు. వేరే సిగ్నల్ అడ్డొస్తే గ్యారేజ్ రిమోట్లే సర్దుకోవాలన్నది ఇక్కడి నియమం.

మీ ఇంట్లో ఎప్పుడైనా రిమోట్ దగ్గరికొస్తే గానీ పనిచేయకపోతే సైన్యం దాకా వెళ్ళకుండా ముందు బ్యాటరీ మార్చండి. అప్పటికీ అంతే అయితే ఓపెనర్‌లో పెట్టిన ఎల్‌ఈడీ బల్బు తీసి చూడండి, కొన్ని బల్బులు రేడియోకి అడ్డొస్తాయి. గోడ మీది స్విచ్‌కి లాక్ ఉంటే అది పడిందేమో కూడా చూడాలి. తీసిన బిళ్ళ బ్యాటరీ మాత్రం ఎక్కడపడితే అక్కడ పెట్టొద్దు. గృహప్రవేశానికి చంటిపిల్లలు వస్తారు. మింగితే రెండు గంటల్లోనే గొంతు లోపల కాలిపోతుంది.

నాకు అన్నిటికన్నా టెన్షన్ ఆ తలుపు బరువు గురించే. ఒకప్పుడు ఇలాంటి తలుపుల కింద నలిగి పిల్లలు చనిపోయారు. అందుకే 1990లో చట్టం తెచ్చి, 1993 జనవరి 1 నుంచి తయారయ్యే ప్రతి ఓపెనర్‌కీ రక్షణ ఏర్పాట్లు తప్పనిసరి చేశారు. తలుపుకి రెండు పక్కలా నేలకి ఆరంగుళాల లోపు ఎత్తులో ఉండే సెన్సర్ కళ్ళు అందుకే. నెలకోసారి నాన్నతో కలిసి రెండు పరీక్షలు చేయండి. తలుపు దిగుతుండగా ఒక చీపురు కర్ర ఆ కళ్ళ మధ్య అడ్డం పెడితే వెంటనే పైకి లేవాలి. తర్వాత ఒకటిన్నర అంగుళం మందమున్న చెక్కని తలుపు దిగే చోట నేల మీద పడుకోబెట్టి మూయండి. తగలగానే వెనక్కి లేవాలి. లేవకపోతే బాగుచేయించే దాకా ఓపెనర్ వాడొద్దు.

తలుపు దిగుతుంటే కిందనుంచి దూరి పరుగెత్తే ఆట వద్దే వద్దు, చిన్నా. పైనున్న స్ప్రింగుల జోలికి నాన్న కూడా వెళ్ళకూడదు, దానికి పనివాళ్ళున్నారు. కరెంటు పోతే ఎర్ర తాడు లాగి చేత్తో తలుపెత్తొచ్చు, కానీ తలుపు మూసి ఉన్నప్పుడే లాగాలి.

కారు బయట పెట్టే రాత్రుల్లో రిమోట్ లోపలికి తెచ్చేయమని అమ్మకి చెప్పండి. కారు కిటికీ అద్దం పగలగొట్టినవాడికి రిమోటూ దొరుకుతుంది, సొరుగులోని రిజిస్ట్రేషన్ కాగితం మీద ఇంటి అడ్రసూ దొరుకుతుంది.

శనివారం పాలు పొంగించే ముందే, అంటే శుక్రవారం సాయంత్రమే మెమరీ చెరిపే పని పెట్టుకోండి. బటన్ రంగు ఫొటో తీసి పంపితే మూడో రిమోట్ ఏది కొనాలో చెబుతాను. బుజ్జీ, నాలుగంకెల కోడ్‌లు పదహారూ పంతొమ్మిది అంకెల్లో ఇమడాలి. వరస కుదిరాక నాకు రాసి పంపు.

ఇట్లు,
మీ పెదనాన్న